బండి కింద దూరితే తెలిసే సంగతులు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక లెక్క బాగా వంటబట్టింది. "నా గంట ఖరీదు ఇంత. ఈ పని బయట చేయిస్తే అంతకంటే తక్కువే అవుతుంది. కాబట్టి నేను చెయ్యకూడదు." ఇల్లు ఊడవడం దగ్గర్నుంచి పిల్లాడికి ఎక్కాలు చెప్పించడం దాకా అన్నీ ఈ లెక్కలోనే కొట్టేస్తున్నాం. లెక్క తప్పని నేననను. కాకపోతే అందులో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. పని బయటికిచ్చినప్పుడు, అది సరిగ్గా జరిగిందో లేదో పసిగట్టే తెలివి కూడా దాంతోపాటే బయటికి పోతుంది. దాని ఖరీదెంత? ఒక మాడ్యూల్ మొత్తాన్ని వెండరు చేతిలో పెట్టేసి, రెండేళ్ళ తర్వాత వాడిచ్చిన ఎస్టిమేటు నిజమో కాదో చెప్పలేక మొహమొహాలు చూసుకున్న టీములు మీకూ తెలిసే ఉంటాయి.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటే, ఈమధ్య మా తమ్ముడి పికప్ బండికి ఇంటి దగ్గరే ఇంజనాయిలూ ఫిల్టరూ మార్చాం. చిన్న పనే. కానీ ఆ గంటన్నరలో బయటపడిన విషయాలు మాత్రం చిన్నవి కావు.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక వాడు హైదరాబాదు రాకుండా ఫైనాన్సులో బొలెరో పికప్ తీసుకున్నాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య కిరాయిలు తోలుతుంటాడు. ఈ మూడు ఊళ్ళనీ గీతలతో కలిపితే ఒక త్రికోణం వస్తుంది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైదరాబాదు-విజయవాడ హైవే. 2010లో దాని నంబరు 65 అయింది గానీ, మా వైపు పాతవాళ్ళకి అది ఇప్పటికీ నైన్త్ హైవేనే. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వచ్చేది జడ్చర్ల రోడ్డు. ఈ చుట్టుపక్కల సాగర్ ఎడమకాలువ పారినంత మేరా వరి, ఆ వరి చుట్టూ మిర్యాలగూడ రైస్ మిల్లులు. కోతలప్పుడు వడ్లు, ఆ తర్వాత బియ్యం, తవుడు, హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు, పెళ్ళిళ్ళ సీజన్లో వంట సామాను, కుర్చీలు. రెండేళ్ళకోసారి పెద్దగట్టు జాతరొస్తే అదింకో లోకం. వాడి బండి ఖాళీగా నిలబడ్డ రోజు తక్కువ. నిలబడితే కిస్తీ కూడా నిలబడుతుంది, అదీ బాధ.

నాకు ఈ పని వచ్చింది మా ఊళ్ళో కాదు, డాలస్‌లో. 2008లో అక్కడ ప్రాజెక్టులో ఉన్నప్పుడు పక్క క్యూబికల్ పెద్దాయన తన పికప్ ట్రక్కుకి ప్రతిసారీ ఇంటి ముందే ఆయిల్ మార్చుకునేవాడు. ఒక శనివారం నన్నూ కింద పడుకోబెట్టాడు. అక్కడ పికప్ అంటే ఆఫీసుకి ఒక్కడే ఎక్కి పోయే బండి. 1977 నుంచీ ఆ దేశంలో అమ్మకాల్లో ముందున్న ట్రక్కులు ఫోర్డ్ ఎఫ్ సిరీస్‌వి. అందులో సగం బండ్ల వెనక తొట్టిలో ఎప్పుడూ ఒక బస్తా కూడా పడి ఉండదేమోనని నా అనుమానం. ఆ పెద్దాయన డబ్బులకి తడుముకునే మనిషి కాదు. ఎందుకు మీరే చేస్తారని అడిగితే, ఏం జరిగిందో నాకు తెలియాలి కదా అన్నాడు. ఆ మాట నాకు అప్పట్నుంచీ గుర్తుండిపోయింది.

ఇక మా ఊరి సంగతి. నేను మారుస్తానంటే తమ్ముడు ముందు నవ్వాడు. "ఏందన్నా, షెడ్డుకు తోలితే అర్ధగంట పని. గీ మసిపని నువ్వు చేస్తవా?" అన్నాడు. బాబాయి మాత్రం అరుగు మీంచే, "చెయ్యనియ్యిరా. ఎడ్లబండి తోలిన్నాడు ఇరుసుకు కందెన నేనే పెట్టుకునేటోణ్ని. ఎవడ్నన్న పిలిచిన్నా?" అన్నాడు. అంతే, వాడు ఇంకేం మాట్లాడలేదు.

కందెన అనగానే నాకూ అనిపించింది. ఇంజనాయిలు కూడా కందెనే కదా అని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. రాపిడి తగ్గించడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. పిస్టన్ల దగ్గర వేడిని మోసుకుని కిందికి తేవాలి. డీజిలు మండినప్పుడు పుట్టే మసిని ముద్ద కట్టనీకుండా తనలో తేలేసి ఉంచాలి. మండేటప్పుడు తయారయ్యే ఆమ్లాలని విరగ్గొట్టాలి. అందుకే డీజిలు బండిలో కొత్త ఆయిలు పోసిన కొద్ది రోజులకే నల్లగా అయిపోతుంది. నల్లబడిందంటే పాడయిందని కాదు, తన పని తను చేస్తోందని. ఈ చిన్న విషయం తెలియకే గేజ్ పుల్ల బయటికి లాగి, "చూడు సార్ ఎంత నల్లగైందో" అంటే వెంటనే తలూపేస్తాం. మసి పట్టుకునే శక్తి, ఆమ్లాలని విరగ్గొట్టే మందు అయిపోయినప్పుడు ఆయిలు నిజంగా అయిపోయినట్టు. అది కంటికి కనపడదు. అందుకే కిలోమీటర్ల లెక్క పెట్టారు.

ఆ కిలోమీటర్ల లెక్కలో కూడా ఒక మెలిక ఉంది. మాన్యువల్ చివర్లో చిన్న అక్షరాల్లో ఒక మాట రాస్తారు: దుమ్ము రోడ్లు, ఎక్కువ లోడు, ఎక్కువసేపు నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచడం, ఇలాంటివుంటే ఇంకా ముందే మార్చాలి అని. మిల్లు ముందు లైన్లో గంటలు గంటలు నిలబడి, రెండు నిమిషాలకోసారి పది అడుగులు ముందుకి జరిగే బండికి ఇవన్నీ వర్తిస్తాయి. ఆ గంటల్లో కిలోమీటర్లు తిరగవు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పెట్టుకున్న మీటరు ఒకటి, అరుగుతున్నది ఇంకోటి. మన ఆఫీసు టైమ్‌షీట్లలాగే అన్నమాట.

ఏ ఆయిలు పోయాలి అన్నది రెండో ప్రశ్న. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే చలికాలం. ముందు అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిలు ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, వెనకది వంద డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్తుంది. మా సూర్యాపేట ఎండల్లో ముందు అంకెతో పెద్ద పేచీ లేదు. దాని పక్కనే ఇంకో గుర్తుంటుంది, దాన్నెవరూ చూడరు. ఏపీఐ అని రాసి, ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకి, సీతో మొదలైతే డీజిలు ఇంజన్లకి. సీఐ-4 ప్లస్, సీకే-4 ఇలా. మా వాడిది పాత బీఎస్-4 బండి కాబట్టి తంటా లేదు. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లలో పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఇంకోటి ఉంటుంది. దానికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి. పాత బండి డబ్బా కొత్త బండిలో పోస్తే ఆ రోజు ఏమీ కాదు. ఆ ఫిల్టరు మెల్లగా పూడుకుపోయాక బిల్లొస్తుంది. వారంటీలో ఉన్న బండి అయితే అసలు ఇంట్లో ముట్టుకోకండి, కంపెనీ సర్వీసుకే ఇవ్వండి.

పని చెప్తాను. సాదా నేల మీద బండి ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. తాళంచెవి నా జేబులో. మా పిల్లలు పొరపాటున స్టార్ట్ చేస్తే కింద ఉన్నది నేను కదా. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీతో పని లేకుండా గోనెపట్టా పరుచుకుని దూరిపోవచ్చు. కారైతే జాకీ మీద మాత్రమే నిలబెట్టి ఎప్పుడూ కిందికి వెళ్ళకండి. జాకీ ఉన్నది టైరు మార్చుకోడానికి, దాని కింద మనిషి పడుకోడానికి కాదు.

ముందు ఒక ఐదు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపాలి. గోరువెచ్చగా ఉంటే ఆయిలు మసితో సహా బయటికొస్తుంది. చెయ్యి కాలేంత వేడిగా ఉండకూడదు. పైన ఆయిలు పోసే మూత తీసేస్తే కింద ధార సాఫీగా పడుతుంది. చాంబర్ కింద బోల్టుకి సరిపోయే రింగు పానా పెట్టి తిప్పాలి. అంచులు అరిగిన పానా వాడితే బోల్టు తల గుండ్రమైపోయి జన్మలో రాదు. బోల్టు చివరికొచ్చాక చేత్తో పట్టుకుని చటుక్కున పక్కకి తీసెయ్యాలి. ఒక పావుగంట అలా వదిలేస్తే చుక్క చుక్క మొత్తం దిగుతుంది. బోల్టుకి కొత్త వాషరు వేసి బిగించాలి. బలమంతా చూపించక్కర్లేదు. చాంబర్ మరలు పోతే ఆ చుక్కలు ఆపడం ఎవరి తరమూ కాదు.

తర్వాత ఫిల్టరు. ఇక్కడే కథ మలుపు తిరిగింది.

తమ్ముడి దగ్గర సర్వీసు బిల్లులు అన్నీ ఉన్నాయి. డాష్‌బోర్డ్ అరలో రబ్బరుబ్యాండు చుట్టి పెట్టుకుంటాడు. వాటి ప్రకారం ఫిల్టరు చివరి రెండు సర్వీసుల్లోనూ మార్చారు. రెండూ ఒకే షెడ్డులో. అంతకుముందు సర్వీసు మాత్రం కోదాడలో ఒక ముసలి మేస్త్రీ దగ్గర చేయించాడు. ఆయనకి ఒక అలవాటు ఉందట. కొత్త ఫిల్టరు బిగించాక దాని మీద తెల్ల పెయింటుతో తేదీ, మీటరు రీడింగు రాస్తాడు. నేను కింద పడుకుని ఫిల్టరు మీద పేరుకున్న మట్టీ జిడ్డూ బనీను గుడ్డతో తుడిస్తే, ఆ తెల్ల అంకెలు అక్షరం చెక్కుచెదరకుండా కనపడ్డాయి. తేదీ కోదాడ సర్వీసుది. అంటే ఆ తర్వాత రెండుసార్లు బిల్లులో ఫిల్టరు మారింది, బండిలో మారలేదు.

తమ్ముణ్ని పిలిచి టార్చి వేసి చూపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. "గా రెండు ఫిల్టర్ల పైసల సంగతి కాదన్నా. ఇంజన్ పోతే నా గతేంది?" అన్నాడు.

వాడు భయపడ్డదాంట్లో న్యాయం ఉంది. ఫిల్టరు పూడుకుపోతే ఇంజన్‌కి ఆయిలు ఆగిపోతుందని, ఎర్ర లైటు వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఫిల్టరు దారిలో ఒక బైపాస్ వాల్వు ఉంటుంది. లోపలి కాగితం పూర్తిగా మూసుకుపోయి ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని ఆయిల్ని వడకట్టకుండానే ఇంజన్‌లోకి పంపేస్తుంది. ఆయిలు లేకపోవడం కంటే మురికి ఆయిలు నయమని ఆ ఏర్పాటు. మంచి డిజైనే. కానీ డ్రైవరుకి ఏమీ తెలియదు. లైటు వెలగదు, చప్పుడు మారదు, బండి మామూలుగానే పోతుంది. లోపల మాత్రం మసీ, లోహపు రజనూ కలిసిన ఆయిలు బేరింగుల్ని రోజూ కాస్త కాస్త గీకుతూ ఉంటుంది. ఎర్రర్ వస్తే పట్టుకుని లాగులో కూడా రాయకుండా మింగేసే కోడు మనలో ఎవరు చూడలేదు చెప్పండి? ప్రొడక్షన్‌లో అన్నీ పచ్చగానే ఉంటాయి, ఒక అర్ధరాత్రి దాకా. పికప్‌కి ఆ అర్ధరాత్రి అంటే, లోడుతో హైవే మీద ఇంజన్ పట్టేయడం. ఇంజన్ దించి చేయించాలంటే బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది. ఫైనాన్సు వాడి తేదీ మాత్రం తప్పదు.

అదృష్టం కొద్దీ ఆయిలు దిగినప్పుడు వేళ్ళ మధ్య రుద్ది చూస్తే గరుకుగా ఏమీ తగల్లేదు, మెరిసే రజను కనపళ్ళేదు. పాత ఫిల్టరు తిప్పి తీశాం. తీశాక దాని రబ్బరు రింగు కూడా దాంతోనే వచ్చిందో లేదో చూడాలి. పాతది ఇంజన్‌కే అతుక్కుని ఉంటే దాని మీద కొత్తది కూర్చోదు, స్టార్ట్ చెయ్యగానే ఆయిలంతా చిమ్ముతుంది. కొత్త ఫిల్టరు రింగుకి వేలితో కొత్త ఆయిలు రాసి, చేత్తోనే తిప్పి, రింగు తగిలాక ముప్పావు చుట్టు బిగించాం. ఎంత తిప్పాలో ఫిల్టరు డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆయిలు మాన్యువల్ చెప్పిన దానికంటే కాస్త తక్కువ పోసి, స్టార్ట్ చేసి, లైటు ఆరిందని చూసుకుని, బోల్టు దగ్గరా ఫిల్టరు దగ్గరా తడి లేదని నిర్ధారించుకుని ఆపాం. పది నిమిషాలాగి గేజ్ చూసి మిగతాది పోశాం. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటించకూడదు. ఎక్కువైతే క్రాంకు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ కందెనగా పనికిరాదు. చివరగా తమ్ముడు ఎక్కణ్నుంచో తెల్ల పెయింటు డబ్బా తెచ్చి, ఫిల్టరు మీద తేదీ, కిలోమీటర్లు రాశాడు. నేను చెప్పలేదు, వాడే.

షెడ్డు సంగతేం చేశారంటారా? ఇక్కడ నా ఆవేశం వేరు, వాడి జీవితం వేరు. వెళ్ళి నిలదీయాలని నేనన్నా. తమ్ముడు ఒప్పుకోలేదు. రాత్రి పన్నెండింటికి బండి ఆగితే ఫోన్ ఎత్తేది ఆ షెడ్డు మనిషే. చేతిలో డబ్బుల్లేనప్పుడు ఖాతా రాసుకుని పని చేసేదీ ఆయనే. హైదరాబాదులో కూర్చుని రేటింగు ఒక స్టార్ ఇచ్చేసి వేరే షెడ్డుకి పోవడం నాకు తేలిక, వాడికి కాదు. మర్నాడు పాత ఫిల్టరు ఒక సంచిలో వేసుకుని వెళ్ళి, పెయింటు కనపడేలా ఆయన బల్ల మీద పెట్టాడట. ఒక్క మాట కూడా అనలేదట. ఆయన చూసి, కాసేపాగి, "పోరగాళ్ళ మీద ఒదిలేస్తే గిట్లనే అయితది" అని, ఖాతాలోంచి రెండు ఫిల్టర్ల డబ్బులు కొట్టేశాడట. పోరగాళ్ళు చేశారో, ఆయనకి తెలిసే జరిగిందో నేను చెప్పలేను. తమ్ముడు ఇప్పటికీ అక్కడికే వెళ్తాడు. కాకపోతే ఫిల్టరు తీసేటప్పుడు పక్కనే నిలబడతాడు, పాతది చేతికి తీసుకుంటాడు, కొత్తదాని మీద వాడే రాస్తాడు. నమ్మకం పోలేదు, దానికొక లెక్క వచ్చింది అంతే.

ఇంకో సమస్య మిగిలింది. బకెట్టులో పాత ఆయిలు. బాబాయి దాన్ని పశువుల కొట్టం గుంజలకి చెదల మందుగా పూస్తానన్నాడు. మా వైపు ఇది మామూలే. సెంట్రింగు చెక్కలకి పూస్తారు, కంచె కర్రలకి పూస్తారు, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లేవాళ్ళని కూడా చూశా. నేను వద్దన్నా. "ఇరుసుకు పెట్టిన కందెన మట్టిల పడకపాయెనా? ఏమైంది?" అన్నాడు బాబాయి. మంచి ప్రశ్నే. ఆయన కందెన ఆముదమూ, గడ్డి కాల్చిన మసీ. నేల దాన్ని అరిగించుకుంటుంది. ఇది అలాంటిది కాదు. ఇందులో అరిగిన లోహపు రజనుంటుంది, మండగా మిగిలిన విషాలుంటాయి. ఒక్క బండి ఆయిల్ మార్పులో వచ్చే పాత ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్తుంది. మన లెక్కలో సుమారు 38 లక్షల లీటర్లు. కొట్టం పక్కనే మా బోరు, దాని పక్కనే పొలం కాలువ. ఆ సంఖ్య చెప్పాక బాబాయి గుంజల వైపు ఒకసారి, బోరు వైపు ఒకసారి చూసి, "అయితే ఒద్దుతియ్యి" అన్నాడు.

డాలస్‌లో ఇది సమస్యే కాదు. విడిభాగాలమ్మే షాపుకే డబ్బాలో పట్టుకెళ్తే ఊరికే తీసుకునేవారు. మన దగ్గర పాత ఆయిలు ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. 2023లో ఆ నిబంధనలు సవరించి, ఆయిలు తయారు చేసేవాళ్ళే దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత కూడా మొయ్యాలన్నారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ పల్లెలో ముందుగా తలుపు తట్టేది పాత సామాన్ల వాడే. వాడు డబ్బులిచ్చి కొంటాడు, ఆయిల్నీ, ఖాళీ డబ్బాల్నీ కూడా. ఆ ఆయిలు ఏ బట్టీలో కాలుతుందో, ఏ నకిలీ సరుకులో కలుస్తుందో, ఆ డబ్బా మళ్ళీ ఏ షాపు అరలో తళతళలాడుతుందో ఎవరు చూడొచ్చారు? మేమైతే డబ్బాకి మేకుతో నాలుగు బొక్కలు పెట్టాం. ఆయిలు క్యానులో పోసి, మూత బిగించి, తమ్ముడు కిరాయికి వెళ్ళినప్పుడు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అప్పగించాడు. వాళ్ళు మొదట కొత్తగా చూశారు, తర్వాత తమ డ్రమ్ములో పోయించుకున్నారు.

మొత్తం మీద మిగిలిన డబ్బులు ఎంతయ్యా అంటే, షెడ్డు కూలి కొన్ని వందలు. నా గంట ఖరీదు లెక్కలో వేస్తే నష్టమే. అందుకే అందరూ ప్రతిసారీ ఇంట్లోనే మార్చుకోవాలని చెప్పను. మీ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో మొదలుపెడితే సెక్రటరీ ఊరుకోడు కూడా. నేననేది ఒక్కటే. మన బతుకు దేని మీద నడుస్తోందో దాన్ని ఒక్కసారైనా కిందనుంచి చూసి ఉండాలి. అది బండి కావచ్చు, ఇంటి కరెంటు బోర్డు కావచ్చు, మీ ఆఫీసులో ఎవరూ ముట్టుకోని ఆ పాత స్క్రిప్టు కావచ్చు. ఒక్కసారి చూస్తే చాలు, తర్వాత ఎవరిచేత చేయించినా అడగాల్సిన ప్రశ్న మీకు తెలుస్తుంది.

కోదాడ ముసలి మేస్త్రీని నేను చూడలేదు. ఎవరూ అడక్కపోయినా, ఎవరికీ కనపడని చోట, మట్టి కింద దాగిపోయే అంకెలు రాసి పెట్టే మనిషి. మన కోడులో కామెంట్లు రాయమంటే టైం లేదంటాం మనం.

ఈసారి మీ కారు సర్వీసుకిచ్చినప్పుడు పాత ఫిల్టరు చూపించమని అడగండి. ఏం జవాబొస్తుందో చూడండి.